చదివి వినిపించడమైనది

సోమవారం పొద్దున ఎనిమిది కాకముందే జెకెరియా భూముల రిజిస్ట్రీ ఆఫీసు తలుపు తీశాడు. ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ తిన్నగా ఇనప పొయ్యి దగ్గరికి వెళ్లి, బొగ్గుల బకెట్టు అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇవాళ్టి నుంచి అది అతని పని కాదు. కోటు లోపలి జేబులో మడిచి పెట్టుకున్న ఉత్తర్వు ఆ మాటే చెబుతోంది: బంట్రోతు జెకెరియా తునాలి శాఖాపరీక్షలో నెగ్గినందున గుమాస్తాగా నియమించడమైనది.

కిటికీ పక్క బల్ల అతనిది. కూర్చున్నాడు. సిరాబుడ్డి కుడివైపుకి, అద్దుడు కాగితం ఎడమవైపుకి జరిపాడు. మళ్లీ మార్చాడు. మార్చి నెల సగం గడిచినా స్టెప్పీ మైదానం మీంచి వచ్చే గాలికి కిటికీ అద్దాలు గణగణమంటున్నాయి. నోట్లోంచి ఆవిరి వస్తోంది.

ముందుగా వచ్చింది పెద్ద గుమాస్తా ఇల్హామి బే. చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చి, పొయ్యి మీద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీశాడు.

"జెకెరియా ఎఫెండీ, ఇదేంటి చల్లగా ఉంది?"

"వెలిగించలేదు ఇల్హామి బే."

ఇల్హామి అప్పుడు చూశాడు, మనిషి కుర్చీలో ఉండటం. "ఓహో! మర్చేపోయాను. మంచిది, మంచిది. కుర్చీ నీకు కలిసిరావాలి," అన్నాడు. అని, పొయ్యి పక్కనే నిలబడ్డాడు. ఎవరో రావాలన్నట్టు.

కొత్త బంట్రోతుని ఇంకా వెయ్యలేదు. తొమ్మిదయ్యేసరికి అందరూ ఓవర్‌కోట్లలోనే కూర్చున్నారు. గది అంతా అతని బల్ల వైపే చూస్తున్నట్టుంది. చివరికి టైపిస్టు మువల్లా హనుం, వేళ్లు కొంకర్లు పోయి తప్పులు పడుతున్నాయని విసుక్కుంటూ లేచి, బకెట్టు తీసుకుని బొగ్గు కోసం మెట్లు దిగబోయింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. జెకెరియా చూస్తూ కూర్చోలేకపోయాడు. గబగబా వెళ్లి బకెట్టు లాక్కున్నాడు.

అంతే. పొయ్యి అంటుకోగానే గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "నీ చెయ్యి పడితేనే అది మాట వింటుంది జెకెరియా ఎఫెండీ," అన్నాడు ఇల్హామి. తొమ్మిదిన్నరకి ఆఫీసరు రెఫిక్ బే వచ్చి, టోపీ మీది మంచు దులిపి, తలుపు తోస్తూ వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "నా టీ, జెకెరియా ఎఫెండీ. ముదురుగా."

"సార్, నేను ఇవాళ్టి నుంచి..."

"తెలుసయ్యా. నీ కాగితం మీద సంతకం పెట్టింది నేనేగా. కొత్తవాడు వచ్చేదాకా సర్దుకో. నీకేం బరువు?"

ఆ ఊళ్లో మగవాడి పేరు వెనక ఏం తగిలిస్తారో వింటే, అతను ఏ కుర్చీలో కూర్చుంటాడో చెప్పెయ్యొచ్చు. ఆఫీసరుకీ, డాక్టరుకీ, వకీలుకీ, చివరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ఇన్సూరెన్సు ఏజెంటుకీ కూడా బే. పొలాలున్నవాడు అగా. చేతిలో పనున్నవాడు ఉస్తా. టీ మోసేవాడు, బొగ్గు మోసేవాడు, గుమ్మం కాసేవాడు ఎఫెండి. జెకెరియా తాత రోజుల్లో ఎఫెండి అంటే చదువుకున్న పెద్దమనిషి. జనం లేచి నిలబడి పలికేవారు. ఆ మాట ఒక్కో మెట్టే దిగుతూ వచ్చి, నేలమాళిగలో బొగ్గుల గది దగ్గర ఆగిపోయింది. పిలుపు మాత్రం మర్యాదగానే వినిపిస్తుంది. అదే బాధ. కోపం తెచ్చుకుందామన్నా పట్టు దొరకదు.

ఆ రోజు సాయంత్రానికి పద్దెనిమిది గ్లాసుల టీ ఇచ్చాడు. రెండు అర్జీలు రాశాడు. రెండో అర్జీ మీద తడి చేతి మరక పడింది. చింపి మళ్లీ రాశాడు.

మంగళవారం పదకొండింటికి సెల్మాన్ అగా వచ్చాడు. నది ఒడ్డు ఊళ్లలో సగం పొలాలు ఆయనవే. ఈ మధ్య పట్నంలో పార్టీ ఆఫీసుకి పోతున్నాడు కాబట్టి తనని సెల్మాన్ బే అని పిలిస్తే సంతోషిస్తాడని ఊరంతా అనుకుంటుంది. బూట్ల బురద గుమ్మం దగ్గర దులుపుకోకుండానే రెఫిక్ బే గదిలోకి వెళ్లాడు. కాసేపటికి ఇల్హామి బేని పిలిచారు. తలుపు మూసుకుంది. పావుగంట తర్వాత ఇల్హామి పొట్ట పట్టుకుని బయటికొచ్చాడు.

"రాత్రి తిన్న ముల్లంగి పడలేదు," అన్నాడు ఎవరూ అడక్కుండానే. కోటు తొడుక్కుని, బొత్తాలు కూడా పెట్టుకోకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

మువల్లా హనుం టైపు ఆపింది. తలెత్తలేదు.

రెఫిక్ బే గది తలుపు తెరుచుకుంది.

"జెకెరియా బే, ఒక్కసారి ఇలా వస్తారా?"

జెకెరియా వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడే ఉంది. చెవులు వేడెక్కాయి. లేచాడు. లేస్తూ అలవాటుగా టీ పళ్లెం అందుకోబోయి, ఒట్టి చేతులతో వెళ్లాడు.

"కూర్చోండి, కూర్చోండి." సెల్మాన్ అగా పక్క కుర్చీ చూపించాడు రెఫిక్ బే. ఆ కుర్చీ తోలుని జెకెరియా ఇరవై రెండేళ్లు తడిగుడ్డతో తుడిచాడు. కూర్చోవడం ఇదే మొదలు. సెల్మాన్ తన పెట్టెలోంచి సిగరెట్టు తీసి ఇచ్చి, తనే అగ్గిపుల్ల గీశాడు.

"మీ గురించి రెఫిక్ బే ఎప్పుడూ చెబుతూనే ఉంటారు జెకెరియా బే. బంట్రోతు బల్ల మీద కూర్చుని చదువుకుని పరీక్ష నెగ్గారట. మా వాళ్లలో ఇలాంటివాళ్లు ఎక్కడున్నారు?"

రెఫిక్ బే ఒక దస్తావేజుని బల్ల మీద ఇటు తిప్పి పెట్టాడు. హజెర్ అనే ఆవిడ, బయ్‌రామ్ భార్య, విధవరాలు. బావి పక్క పద్నాలుగు దోనుములు, అంటే మూడున్నర ఎకరాల పొలం సెల్మాన్ పేరుకి అమ్మింది. అడుగున ఊదారంగు వేలిముద్ర. ఇద్దరు సాక్షుల సంతకాలు. వాటి కింద అచ్చులో ఉండే వాక్యం: పై విషయం ఆఫీసులో నా ఎదుట ఆమెకు చదివి వినిపించడమైనది, ఆమె విని, తెలుసుకుని, వేలిముద్ర వేసినది. ఆ వాక్యం పక్కన ఖాళీ.

"అక్కడే," అన్నాడు రెఫిక్ బే, కలం మూత తీసి అందిస్తూ.

జెకెరియా కలం తీసుకున్నాడు. తనకి తెలియకుండా ఈ ఆఫీసులోకి ఎవరూ రాలేరు. గుమ్మం తనదే, టీ తనదే.

"ఆవిడ ఎప్పుడొచ్చారు సార్?"

సెల్మాన్ పొగ వదిలాడు. రెఫిక్ బే నవ్వాడు.

"ముసలావిడ జెకెరియా బే. ఈ బురదలో ఎక్కడ నడిపిస్తాం? అగా మనుషులు ఇంటికే వెళ్లి ముద్ర వేయించుకొచ్చారు. ఇదో లాంఛనం, అంతే."

"రేపు పెడతాను సార్. ఒకసారి రిజిస్టరు చూసుకుని."

"చూడండి," అన్నాడు రెఫిక్ బే. "గుమాస్తా అన్నాక చూడాలి మరి. పొలం ఎక్కడికీ పరిగెత్తదు."

మధ్యాహ్నమంతా అతను బేనే. రెఫిక్ బే టీ కూడా అడగలేదు. ఎదురు కాఫీ దుకాణం నుంచి తెప్పించి, ఒక గ్లాసు అతని బల్ల మీదికి పంపించాడు. ఎవరి కంటా పడకుండా జెకెరియా పెద్ద రిజిస్టరు దింపాడు. ఆ పుస్తకాలంటే అతనికి ఎప్పట్నుంచో ఇష్టం. చట్టం ఎప్పుడో బిరుదులన్నిటినీ రాతలోంచి తుడిచేసింది కాబట్టి ఆ పేజీల్లో బేలూ లేరు, అగాలూ లేరు. సెల్మాన్, యూసుఫ్ కొడుకు. హజెర్, ఓస్మాన్ కూతురు. ఒకే సిరా, ఒకే వరస. బావి పక్క పొలం తప్ప హజెర్ పేరు మీద ఇంకేమీ లేదు. వేలు పెట్టి పేజీ చివరిదాకా చూశాడు. పుస్తకం మూస్తుంటే దుమ్ము లేచింది.

ఇంటికెళ్లేసరికి గుల్సుమ్ తర్హనా పులుసు కలుపుతోంది. గరిటె ఆపకుండానే అడిగింది: "ఇవాళ కూడా పొయ్యేనా, టీనా?"

"ఇవాళ బే అన్నారు."

గరిటె ఆగింది. "ఎవరు?"

"రెఫిక్ బే. సెల్మాన్ అగా కూడా."

"అబ్బో! ఈ ఇంట్లో నేను ఇరవై ఏళ్లుగా బే, బే అనే పిలుస్తున్నానుగా. ఆ మాటకి నీ మొహం ఎన్నడూ ఇలా అవలేదే." నవ్వింది. ఆ ఊరి ఆడవాళ్లు మొగుణ్ణి పిలిచేది ఆ మాటతోనే. పళ్లేలు పెడుతూ, రొట్టెల దుకాణం దగ్గర వరసలో ఎప్పుడూ తనని 'ఏమ్మా, ఆఫీసు బంట్రోతు భార్యా' అనే పిలుస్తారనీ, రేపు వెళ్లి బేల ఇంటి ఆడవాళ్లలా గుల్సుమ్ హనుం అనిపించుకుని వస్తాననీ అంది. "నవ్వకు. నిజంగానే. పాత శాలువా ఇస్త్రీ చేస్తాను."

అతను నవ్వలేదు. పులుసు చల్లారుతుంటే కాగితం సంగతి చెప్పాడు. గుల్సుమ్ వింటూ, రొట్టె ముక్కలు తుంచి పళ్లెం అంచున పేర్చింది. తినలేదు.

"ఇల్హామి బేకి కడుపునొప్పి ఊరికే వచ్చిందా? నువ్వూ తెచ్చుకో ఒకటి."

"నా తరవాత ఎవరూ లేరు. అది నా దగ్గరే ఆగుతుంది."

"పెట్టకపోతే ఏం చేస్తారు?"

"ఏమో. ఉత్తర్వు రాసిన చెయ్యే కదా, కొట్టెయ్యనూ గలదు."

"పెడితే?"

"పెడితే బే అంటారు. ఇంకో కాగితం తెస్తారు. మళ్లీ బే అంటారు."

ఆమె లేచి పళ్లేలు తీసింది. గోడ వైపు తిరిగి వాటిని కడిగింది. ఆ తర్వాత అడిగింది: "ఆ పొలం పోతే ఆవిడ ఏం తింటుంది?"

"తెలీదు."

"చదువు రాకముందు ఇవన్నీ ఉండేవి కావు మనకి," అంది. అది తిట్టో, ఇంకేమిటో అతనికి అర్థం కాలేదు.

బుధవారం పొద్దున రెఫిక్ బే కోటు విప్పకుండానే పిలిచాడు. "అయిందా జెకెరియా బే?"

"ఆవిడ్ని రమ్మనండి సార్. చదివి వినిపించి, అక్కడికక్కడే పెడతాను."

రెఫిక్ బే కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "నేను మీ మీద నమ్మకంతో ఆ కుర్చీ ఇచ్చాను."

"అవును సార్. అందుకే."

మధ్యాహ్నం ఫోనులో సెల్మాన్ గొంతు తలుపు అవతలికి కూడా వినిపించింది. కోపంగా లేదు, నవ్వుతోంది. రెఫిక్ బే బయటికొచ్చి తేలిగ్గా చెప్పాడు: "రేపు ట్రాక్టరు మీద తీసుకొస్తారట. ఏం అడిగినా అవునంటుంది. మీ తృప్తి మీకు."

ఆ రాత్రి జెకెరియాకి నిద్ర పట్టలేదు. ఆవిడ అవునంటే? ఆఫీసులో కూర్చుని, విని, అవునంటే, సంతకం పెట్టక తప్పదు. అప్పుడు అది అబద్ధం కూడా కాదు.

గురువారం పదింటికి ట్రాక్టరు గుమ్మంలో ఆగింది. హజెర్ చిన్న మనిషి. రబ్బరు బూట్లు, పువ్వుల పైజామా, తెల్లటి తలగుడ్డ. తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుని, గుమ్మం దగ్గర బూట్లు విప్పబోయింది. "అవసరం లేదమ్మా, రండి," అంది మువల్లా హనుం. ఆవిడ విననట్టే విప్పి, ఉన్ని మేజోళ్లతో లోపలికొచ్చింది. సెల్మాన్ అగా ఆమె వెనకే నిలబడ్డాడు. రెఫిక్ బే కూడా తన గది వదిలి, జెకెరియా బల్ల పక్కకి వచ్చి నిలుచున్నాడు. ఇల్హామి బేకి కడుపునొప్పి తగ్గింది కాబోలు, బల్ల దగ్గరే ఉన్నాడు. ఏదో ఫైలులో తల దూర్చాడు. బయట బెంచీ మీద పనుల కోసం వచ్చిన నలుగురైదుగురు రైతులు తలుపు సందులోంచి చూస్తున్నారు.

"త్వరగా చదివెయ్యండి జెకెరియా బే. ఆవిడ మళ్లీ వెనక్కి వెళ్లాలి."

జెకెరియా కాగితం రెండు చేతులతో పట్టుకున్నాడు. మోచేతులు బల్లకి ఆనించాడు. "ఇందు దిగువ హద్దులు గల స్థిరాస్తిని, సదరు హక్కుదారు స్వచ్ఛందముగా..."

"అవును," అంది హజెర్.

"...సర్వహక్కులతో సహా..."

"అవును, అవును."

వాక్యం పూర్తికాకముందే తల ఊపుతోంది. కళ్లు అతని మీద లేవు. కాగితం మీద ఉన్న ముద్రల మీద ఉన్నాయి. ఆ భాష ఆమెకి చదవకపోయినా ఒకటే, చదివినా ఒకటే. సెల్మాన్ వెనక నుంచి సంతృప్తిగా గొంతు సవరించుకున్నాడు. జెకెరియా చివరిదాకా చదివాడు. ఆమె చివరిదాకా అవునంది.

"అయిపోయింది," అన్నాడు రెఫిక్ బే. కలం అందించాడు. "పెట్టండి."

చట్టం ప్రకారం నిజంగానే అయిపోయింది. జెకెరియా కలం తీసుకున్నాడు. సిరా చుక్క పాళీ చివర నిలిచింది. కలాన్ని జాగ్రత్తగా అద్దుడు కాగితం మీద పెట్టాడు.

"పెద్దమ్మా, బావి పక్క పొలం ఎవరిది?"

హజెర్ తడబడింది. ఇది నేర్పిన ప్రశ్న కాదు. "నాదే నాయనా. మా ఆయన పోయాక నా పేరుకొచ్చింది. శనగలేస్తాను."

"ఈ కాగితంలో ఏముందో నా మాటల్లో చెబుతాను. ఆ పొలం నువ్వు సెల్మాన్ అగాకి అమ్మేశావు. ఇవాళ్టి నుంచి..."

"జెకెరియా ఎఫెండీ!"

రెఫిక్ బే గొంతు గదంతా కోసినట్టు పలికింది. మువల్లా హనుం చేతులు టైపు మిషను మీద గాల్లోనే ఆగాయి. ఆ పిలుపు వినగానే లేచి నిలబడటం జెకెరియా మోకాళ్లకి అలవాటు. అవి అప్పటికే కదిలాయి కూడా. బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"...ఇవాళ్టి నుంచి అది అగా పొలం. నువ్వు అందులో శనగలు వెయ్యకూడదు. బావి నీళ్లు తోడుకోవాలన్నా ఆయన్ని అడగాలి. నువ్వు చచ్చిపోయినా నీ పిల్లలకి రాదు. ఇదీ ఇందులో ఉన్నది. అమ్మావా?"

హజెర్ మెల్లగా వెనక్కి తిరిగింది. "అగా, ఇది నీళ్ల గొట్టం కాగితం అన్నావు. గవర్నమెంటు ఊరికి గొట్టం వేస్తోంది, అందరూ ముద్ర వెయ్యాలన్నావు."

"రెండూ ఒకటేలే హజెర్. నీకివన్నీ ఎందుకు? నీ మంచీ చెడ్డా నేను చూడనా?"

"అమ్మావా పెద్దమ్మా?" జెకెరియా మళ్లీ అడిగాడు.

ఆమె కుడి బొటనవేలిని మిగతా నాలుగు వేళ్లలో మూసుకుని, ఆ పిడికిలిని శాలువాలోకి లాక్కుంది. ఎవరైనా తీసుకుపోతారన్నట్టు రెండో చేత్తో దాన్ని పట్టుకుంది. అప్పుడు అంది: "అమ్మలేదు. చచ్చినా అమ్మను."

జెకెరియా కలం తీసుకుని, అచ్చు వాక్యం పక్క ఖాళీలో రాశాడు: చదివి వినిపించగా, తాను అమ్మలేదని ఆమె చెప్పినది. తేదీ వేశాడు. కింద పేరు రాశాడు, జెకెరియా తునాలి, గుమాస్తా. గుమాస్తాగా అది అతని మొదటి సంతకం. నెమ్మదిగా అద్దుడు కాగితం అద్దాడు.

సెల్మాన్ అగా టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ట్రాక్టరు చప్పుడు దూరమైంది. హజెర్ గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటోంది; ఇక తొమ్మిది మైళ్లు నడవాలి. బెంచీ మీది రైతుల్లో ఒకడు లేచి, "మా గుర్రబ్బండి ఉంది అక్కా, అటే పోతోంది," అన్నాడు.

రెఫిక్ బే తన గది గుమ్మంలో ఆగాడు. "జెకెరియా ఎఫెండీ, ఆ గ్లాసులు తీసెయ్. పొయ్యి చూడు."

"పని ఉంది సార్," అన్నాడు జెకెరియా. "జనం ఉన్నారు." బెంచీ వైపు చూసి తర్వాతి పేరు పిలిచాడు. రెండు నిమిషాల తర్వాత ఇల్హామి బే ఫైలు మూసి, లేచి, ఎవరి వైపూ చూడకుండా పొయ్యిలో బొగ్గు వేశాడు.

మరుసటి సోమవారం ఉత్తర్వు వచ్చింది. తాత్కాలిక బదిలీ, తూర్పున, బస్సులో రాత్రీ పగలూ ప్రయాణం. మంచు మే నెల దాకా కరగని ఊరు. దాన్ని టైపు చేసింది మువల్లా హనుమే. తనే తెచ్చి ఇచ్చింది.

"తప్పులు పడితే బాగుండునని మూడుసార్లు కొట్టాను. ఒక్కటీ పడలేదు," అంది కోపంగా. కాసేపు నిలబడి, "అక్కడ మీరు టీ మోసిన సంగతి ఎవరికీ తెలీదు. దిగిన రోజు నుంచే బే అంటారు. శిక్ష వేశానని రెఫిక్ బే సంతోషపడుతున్నాడు, ఏం ఇచ్చాడో తెలీకుండా," అంది.

జెకెరియా నవ్వబోయాడు. వారం క్రితం ఈ మాట వింటే ఎగిరేవాడు. ఇప్పుడు అది ఎవరి గురించో అన్నట్టుంది.

గురువారం పొద్దున బస్సు. ఇల్లు దొరికాక గుల్సుమ్ వస్తుంది. పాత శాలువా ఇస్త్రీ చేసి కప్పుకుని బస్సుల మైదానం దాకా వచ్చింది. రొట్టెల దుకాణం సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. ఉడకబెట్టిన గుడ్లు, జున్ను గుడ్డలో కట్టి ఇచ్చింది. మేజోళ్లు ఏ జేబులో పెట్టిందో మూడోసారి చెబుతుంటే, గుర్రబ్బండి ఒకటి గతుకుల్లో ఊగుతూ వచ్చి ఆగింది. హజెర్ దిగింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు.

"ఆఫీసుకెళ్తే ఇక్కడున్నావన్నారు నాయనా," అంది హజెర్ ఆయాసపడుతూ. "వీళ్ల చేత కూడా నీళ్ల కాగితం మీద వేలు వేయించారు. నకలు ఇచ్చారు గాని ఏముందో చెప్పేవాళ్లు లేరు."

ఇద్దరూ రవికల్లోంచి మడతలు పడ్డ కాగితాలు తీశారు. చెమటకి అంచులు మెత్తబడ్డాయి. బస్సు అప్పటికే గుర్రుగుర్రుమంటోంది. జెకెరియా బస్సు వైపు చూశాడు, గుల్సుమ్ వైపు చూశాడు. ఏం చేస్తావని అడగలేదామె. పెట్టెని పడుకోబెట్టి, శాలువా అంచుతో పైన దుమ్ము తుడిచింది.

"కూర్చో. నిలబడి ఎంతసేపు చదువుతావు?"

కూర్చున్నాడు. మొదటి కాగితం విప్పి, అచ్చు భాష కళ్లతో చదువుకుని, పైకి మామూలు మాటల్లో చెప్పసాగాడు. ఈ పొలం ఎవరిది, హద్దులేమిటి, వేలు వేస్తే ఏం పోతుంది, కోర్టులో ఎన్నాళ్లలోపు అడగాలి. ఆడవాళ్లు ముగ్గురూ వంగి వింటున్నారు. గుడ్లమూట పట్టుకుని గుల్సుమ్ కూడా వింటోంది. సామాన్లు ఎక్కించే కూలీ ఒకడు తాడు చేత్తో పట్టుకునే దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఆ ఊరివాడు కాదు. జెకెరియా ఎవరో, ఏ కుర్చీలో కూర్చునేవాడో ఏమీ తెలీదు. పెట్టె మీద కూర్చుని నలుగురికి ఏదో చదివి చెబుతున్న మనిషి కనిపించాడంతే. పాఠం చెప్పేవాణ్ణి పిలిచే పిలుపుతోనే పిలిచాడు.

"హొజా! అయిందా? బండి తియ్యాలి."

జెకెరియా తలెత్తలేదు. "ఇంకొక్క కాగితం ఉంది," అన్నాడు, వేలు వాక్యం మీంచి తియ్యకుండా.

డ్రైవరు గడియారం చూసుకున్నాడు. ఆ తర్వాత ఇంజను ఆపేశాడు.